గల్లా పక్కన గాజు సీసా

పోయిన వారం మనం నెల్డా స్టాంపర్‌ని కారులో కూర్చోబెట్టి వచ్చేశాం. హైస్కూలు ఆవరణలో, ఆగస్టు ఎండ ఇంకా దిగని సాయంత్రం, ఇంజను ఆపేసి, అద్దాలైనా దించకుండా కూర్చుని ఉంది. లోపల జిమ్‌లో ఊరంతా చేరింది. తెస్తామంటున్న కొత్త చట్టం మీద జనం ఏమంటారో వింటానని వాషింగ్టన్ నుంచి వీళ్లు ఎన్నుకున్న ప్రతినిధి విట్కమ్ వచ్చాడు. ప్రతి మనిషీ ఆరోగ్య ఇన్సూరెన్సు కొని తీరాలి, కొననివాడు జరిమానా కట్టాలి, కంపెనీలు జబ్బుమనిషిని వెళ్లగొట్టకూడదు, క్లుప్తంగా ఆ చట్టం ఇదీ. దాన్ని కాదనేవాళ్లలో క్లోవర్ ఫోర్క్ ఊరికి మొదటి గొంతు నెల్డా మొగుడు వెర్లిన్‌ది.

మరిచిపోయిన వాళ్ల కోసం ఇంకొక్క మాట. వీళ్ల ఒక్కగానొక్క కొడుకు కొరీ, ఇళ్లకు పైకప్పులు వేసే పనివాడు, జూన్ చివర్లో చనిపోయాడు. కడుపు నొప్పి అన్నాడు, తిన్నదేదో పడలేదన్నాడు, అలాగే నిచ్చెనలు ఎక్కాడు. అతనితో ఉంటున్న షేలా అంబులెన్సు పిలిచేసరికి అపెండిక్స్ పగిలి విషం ఒళ్లంతా పాకింది. కొరీకి ఇన్సూరెన్సు లేదు. అందుకే ఆస్పత్రికి పోవడానికి జంకాడని ఊరు తీర్మానించుకుంది. పోయిన వారం షేలా కారు కిటికీ దగ్గర నిలబడి నెల్డాకి అసలు మాట చెప్పేసి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

"డబ్బుకి కాదండీ వాడు భయపడింది. అప్పయితే మెల్లగా తీర్చుకుంటాననేవాడు. 'నేను ఆస్పత్రికెళ్తే మా నాన్న స్పఘెట్టీ వండిస్తాడు. నా మొహం సీసాకి అంటించి పెట్రోలు బంకులో పెడతారు. చచ్చినా ఆ పని జరగనివ్వను' అన్నాడు."

ఈ మాట విన్నాక నెల్డా ఏడుస్తుందని మనలో చాలామంది అనుకుని ఉంటారు. ఏడవలేదు. కొడుకు పోయిన రోజు రాని ఏడుపు, మట్టిలో పెట్టిన రోజు రాని ఏడుపు, ఇప్పుడు మాత్రం ఎందుకొస్తుంది. పన్ను పీకే డాక్టరు చిగుళ్లకిచ్చే సూదిని ఎవరో ఆమెకి ఒళ్లంతా ఇచ్చినట్టుంది. పొద్దున్నే లేస్తుంది, కాఫీ పెడుతుంది, ఇరుగుపొరుగు వంటకాలు తెచ్చిచ్చిన గిన్నెలు కడిగి ఎవరివి వాళ్లకి పంపుతుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిస్తుంది. వెర్లిన్ తెల్లారేసరికి తన హార్డ్‌వేర్ షాపుకి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. కొడుకు పేరు ఆ ఇంట్లో ఇద్దరూ ఎత్తడం మానేశారు.

కారులో ఉక్కగా ఉంది. గౌను వీపుకి అతుక్కుపోయింది. ఆ సంగతి కూడా ఆమెకి ఆలస్యంగా తెలిసింది. తలుపు తీసుకుని దిగింది.

లోపలికి వెళ్లేముందు ఈ సీసా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ ఊళ్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, ఇన్సూరెన్సు లేకపోయినా, ఉండీ చాలకపోయినా, ముందు లేచే మనిషి వెర్లినే. ఒక శనివారం చూసి ఊరి ఫైరింజన్లుండే ఫైర్‌హాల్లో స్పఘెట్టీ విందు పెట్టిస్తాడు. తెల్లవారకముందే టమాటా సాసు పొయ్యి మీదకెక్కించి సాయంత్రం దాకా గరిటె దించడు. చర్చి ఆడవాళ్లు కేకులు తెస్తారు, ఎవరో ఒకరు వేట తుపాకీ లాటరీకి పెడతారు. విందుకి ముందు పెద్ద పెద్ద ఊరగాయ సీసాలు కడిగి, మూతలకి చీలిక కోసి, జబ్బుమనిషి నవ్వుతున్న ఫొటో అంటించి, ఊళ్లో ప్రతి గల్లా పక్కనా ఒకటి పెడతారు. చిల్లర మిగిలినవాడు అందులో వేసి పోతాడు. దీనికి ఏ సర్కారూ చెప్పక్కర్లేదు, ఏ చట్టమూ అక్కర్లేదు. మంచి పనే, కాదనడానికి ఎవరికి నోరొస్తుంది.

కాదనడానికి నోరు రాకపోవడమే దాంట్లో చిక్కు. సీసా ఎక్కిన మనిషి ఆ తర్వాత ఊరికి సొంతం. ఆర్విల్ కిట్స్ అనే ముసలాయనకి గుండె ఆపరేషన్ కోసం ఇలాగే విందు పెట్టారు. బతికి బట్టకట్టాడు. కొన్నేళ్లకి ముచ్చటపడి చేపల వేటకి ఒక పాత పడవ కొనుక్కున్నాడు. ఆయన దాన్ని ఏటికి లాక్కెళ్లినప్పుడల్లా ఎవడో ఒకడు, "మన స్పఘెట్టీ బాగానే తేలుతోందే ఆర్విల్" అనేవాడు. నవ్వుతూనే అనేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. చివరికి పడవ అమ్మేశాడు. కొరీ ఇదంతా చూస్తూ పెరిగినవాడు. తండ్రి పక్కన కూర్చుని ఎన్ని సీసాలకి ఫొటోలు అంటించాడో. జిగురు ఎలా రాస్తే బుడగ రాదో వాడికి తెలుసు. ఫొటోలోని మనిషిని ఊరు తర్వాత ఎలా చూస్తుందో కూడా తెలుసు.

జిమ్ గుమ్మంలో బల్ల వేసుకుని లవోన్ కూర్చుంది. స్టాంపర్ల పక్కింటి మనిషి, నెల్డాకి పెళ్లయి ఆ వీధికి వచ్చినప్పటి నుంచీ స్నేహం. మాట్లాడదలుచుకున్నవాళ్లకి నంబరు చీటీలు ఇవ్వడం ఆమె పని. చట్టం కావాలనేవాళ్లకి నీలం చీటీ, వద్దనేవాళ్లకి ఎర్ర చీటీ. ఒకరిని ఇటు నుంచి, ఒకరిని అటు నుంచి పిలుస్తారు. మనిషికి రెండు నిమిషాలు. ఈ ఏర్పాటు వెర్లిన్ చేసిందే. పక్క ఊళ్లో ఇలాంటి సభలోనే కుర్చీలు లేచాయని విని, మన ఊళ్లో అలాంటి మోటుతనం కుదరదన్నాడు.

బల్ల మీద చీటీల డబ్బా పక్కన ఊరగాయ సీసా ఉంది. సీసా మీద కొరీ ఉన్నాడు.

సాఫ్ట్‌బాల్ టోపీ పెట్టుకుని, ఎండకి కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. కింద లవోన్ గుండ్రటి అక్షరాల్లో వాడి పేరు, శనివారం, ఫైర్‌హాల్ అని రాసి ఉంది. లోపల నోట్లు సగానికి పైగా నిండాయి. ఫొటో కింది మూల ఒక బుడగ వచ్చింది. వాడైతే రానిచ్చేవాడు కాదు అనుకుంది నెల్డా. ఇంకేం అనుకోవాలో తోచలేదు.

లవోన్ లేచి వచ్చి ఆమెని కావలించుకుంది. "నీతో చెప్దామనే అన్నాను నేను. వెర్లినే వద్దన్నాడు, దానికిప్పుడు ఏం చెప్పినా తలకెక్కదు, నేను చూసుకుంటాలే అన్నాడు. ఆస్పత్రి బిల్లు, వాణ్ని కొలంబస్ పెద్దాస్పత్రికి చేర్చిన హెలికాప్టరు బిల్లు, మీరిద్దరే ఎక్కడ మోస్తారు నెల్డా. అడిగితే ఊళ్లో ఒక్కళ్లు కాదన్లేదు."

"ఫొటో బాగుంది," అంది నెల్డా.

"నేనే ఏరాను."

గోరుచుట్టు మీద రోకటి పోటంటారు. పోటు పడ్డట్టు ఆమెకి తెలిసింది. నొప్పి మాత్రం ఎక్కడో పక్కింట్లో ఎవరికో పుట్టినట్టుంది. లవోన్ భుజం మీదుగా కొడుకు మొహం కేసి కాసేపు చూసి, తనకొక చీటీ ఇమ్మంది. లవోన్ తెల్లబోయి ఏ రంగుదని అడిగింది. ఏదైనా ఒకటి ఇమ్మంది నెల్డా. వెర్లిన్ పెళ్లానికి ఏ రంగు ఇవ్వాలో లవోన్‌కి ఒకరు చెప్పాలా, ఎర్రది తీసి చేతిలో పెట్టింది.

జిమ్ నిండా మడత కుర్చీలు, వాటి నిండా జనం, నేలకి కొత్తగా కొట్టిన పాలిష్ వాసన. వెర్లిన్ ముందు వరసలో కూర్చుని పక్క కుర్చీ మీద తన టోపీ పెట్టి ఆమె కోసం ఆపాడు. ఆమె రావడం చూసి టోపీ తీశాడు. ఆమె వెనక వరసలోనే, గోడ పక్కన, షేలాకి నాలుగు కుర్చీల అవతల కూర్చుండిపోయింది. ఆయన కాసేపు చూసి టోపీ మళ్లీ అక్కడే పెట్టాడు. చొక్కా కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ల సందు కనబడుతోంది. మనిషి ఎప్పుడు ఇంత చిక్కాడో ఆమె గమనించనేలేదు.

ప్రతినిధి విట్కమ్ ముందుగా మాట్లాడి, మాట్లాడుతూనే ఉండి, చివరికి కూర్చున్నాడు. టై కట్టుకున్న ఆయన సహాయకుడు వెనక వరస దాకా వచ్చి, నెల్డా చెవి దగ్గర వంగి, వచ్చినందుకు ఎంతో కృతజ్ఞతలని చెప్పి పోయాడు. ఈ మనిషి ఇప్పటికి రెండుసార్లు ఇంటికొచ్చాడు. చట్టం ఉండి ఉంటే మీ అబ్బాయి బతికేవాడని సభలో ఒక్క ముక్క చెప్పమన్నాడు. అతను పోయాక వెర్లిన్ మిత్రులొచ్చారు. చట్టం మాకక్కర్లేదు, మా ఊరే మాకు చట్టం అని ఒక్క ముక్క చెప్పమన్నారు. ఒక్క చావుకి ఇద్దరు గిరాకీలు. ఎవరికీ ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

టైము చూసే పని పాత లెక్కల టీచరమ్మ యూనిస్‌ది. గుడ్లుడకబెట్టేటప్పుడు వాడే చిన్న టైమరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ జిమ్‌లో సగం మందిని ఆమె ఏదో ఒకప్పుడు బెంచీ ఎక్కించినదే కనుక, టైమరు గణగణమనగానే ఎంతటివాడైనా మాట సగంలో మింగి కూర్చుంటున్నాడు.

వెర్లిన్ మైకు దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"నాది హార్డ్‌వేర్ షాపు. ఈ దేశంలో పుట్టిన ప్రతివాడూ వెర్లిన్ దగ్గర ఒక పార కొనాలి, కొననివాడు జరిమానా కట్టాలి అని రేపు చట్టం చేశారనుకోండి. నాకంటే సంతోషించేవాడు ఉండడు. పార మంచి వస్తువే. ఇవాళ కాకపోతే రేపు పనికొస్తుంది. ఎంత కాదన్నా చివర్లో ఒక్కసారి అందరికీ పనికొస్తుంది."

జనం నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టు ఆగిపోయారు. ఆ మాట ఆయన వసంతం నుంచీ ప్రతి సభలోనూ అంటున్నదే, నోటికి అలవాటై వచ్చేసింది. వెర్లిన్ మైకు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రబడటం నెల్డాకి వెనక వరస దాకా కనబడింది. పాపం అనిపించాల్సిన చోట ఆమెకేమీ అనిపించలేదు.

ఆయన ఎలాగో తేరుకుని మిగతాది చెప్పాడు. గిరాకీ అంతా చట్టమే పోగుచేసి వాకిట్లో నిలబెడితే ఇక కంపెనీవాడు ధర ఎందుకు తగ్గిస్తాడన్నాడు. ఇవాళ ఇన్సూరెన్సు కొనమన్నవాడు రేపు ఏం తినాలో కూడా చెబుతాడన్నాడు. పక్కవాడి కష్టానికి పక్కవాడు లేవాలి గానీ, వాషింగ్టన్‌లో గుమాస్తా లేవకూడదన్నాడు. "మా అబ్బాయి విషయంలోనూ ఈ ఊరే లేచింది. శనివారం అందరూ రండి. సాసు నేనే చేస్తాను," అని ముగించాడు. సగం జిమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కళ్లు తుడుచుకున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

తర్వాత నీలం చీటీ డార్సీది. మెయిన్ స్ట్రీట్‌లో జుట్టు కత్తిరించే షాపు నడుపుతుంది, చిన్నప్పటి నుంచీ షుగరు.

"నేను కొంటాననే అంటున్నాను వెర్లిన్. అమ్మేవాడే లేడు. ఒక కంపెనీ నీకు షుగరుంది పొమ్మంది. ఇంకోటి చెప్పిన రేటు కట్టాలంటే నా కుర్చీలూ అద్దాలూ అమ్ముకోవాలి. నీ పార ఎవరైనా కొనుక్కోవచ్చు, నువ్వు మనిషిని చూసి అమ్మనని ఎప్పుడూ అన్లేదు. వీళ్లంటారు. అలాంటి బేరానికి ముకుతాడు అక్కర్లేదా?" ఆమె కాస్త ఆగింది. "నా కోసం నువ్వు వండిన విందు నేను మర్చిపోను. కానీ ఇన్సులిన్ నెలనెలా కావాలి. నెలనెలా వండుతావా?"

"వండుతాను డార్సీ," అన్నాడు వెర్లిన్ కూర్చున్న చోటి నుంచే.

"వండుతావని తెలుసు," అని డార్సీ కూర్చుంది.

ఆయన మాటవరసకి అనలేదు. నిజంగానే వండుతాడు, ఆ సంగతి అందరికీ తెలుసు. తర్వాత పాడి రైతు హోబర్ట్ లేచి, సర్కారు ఏ సరుకు జోలికీ రాకూడదని గట్టిగా అన్నాడు. నీ పాల ధర నిలబెడుతున్నది ఎవరు మరి, నీ ఆవులా, అని వెనక నుంచి ఎవరో అడిగారు. జిమ్ గొల్లుమంది. హోబర్ట్ సమాధానం వెతుక్కునేలోగా టైమరు మోగింది. నీలం నుంచి ఒకరు, ఎరుపు నుంచి ఒకరు, అలా నడుస్తూనే ఉంది. నెల్డా ప్రతి మాటా విన్నది. ఇటువాళ్లు చెప్పిందీ సబబుగానే ఉంది, అటువాళ్లు చెప్పిందీ సబబుగానే ఉంది. ఇన్ని సబబుల మధ్య కొరీ ఎక్కడా లేడు. గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాడు.

ఆమె నంబరు పిలిచారు.

నెల్డా లేచి మైకు వైపు కాకుండా గుమ్మం వైపు నడిచింది. వెళ్లిపోతోందనుకుని జనం దారి ఇచ్చారు. ఆమె బల్ల మీది సీసా రెండు చేతులతో ఎత్తి, పిల్లాణ్ని ఎత్తుకున్నట్టు చంకకి ఆనించుకుని, కుర్చీల మధ్య దారిలో ముందుకొచ్చింది. లోపల చిల్లర గలగలమంది. విట్కమ్ సానుభూతి మొహం పెట్టుకుని ముందుకి వంగాడు. యూనిస్ టీచరమ్మ టైమరు తిప్పింది.

"నా పేరు అందరికీ తెలుసు," అంది నెల్డా. వాతావరణ వార్తలు చదివే గొంతు అది, ఎత్తూ లేదు పల్లమూ లేదు. "ఇలాంటి సీసాకి ఫొటో అంటించడం ఈ ఊళ్లో మా కొరీకి వచ్చినంత బాగా ఎవరికీ రాదు. ఇది లవోన్ అంటించింది. బుడగొచ్చింది."

గుమ్మం దగ్గర లవోన్ చేత్తో నోరు మూసుకుంది.

"వాడికి నొప్పొచ్చినప్పుడు షేలా ఆస్పత్రికి పోదామంది. రానన్నాడు. డబ్బుకి వెనకాడాడని మీరంతా అనుకుంటున్నారు, నేనూ ఇందాకటి దాకా అదే అనుకున్నాను. డబ్బుకి కాదు. తన మొహం దీనిమీదకెక్కుతుందని. వాళ్ల నాన్న సాసు పొయ్యి మీద పెడతాడని. ఆ తర్వాత తను కొత్త బూట్లు కొనుక్కున్నా, అవి ఎవరి చిల్లరో అని మీరంతా చూస్తారని. ఆర్విల్ పడవని చూసినట్టు."

ఆర్విల్ కిట్స్ మూడో వరసలో కూర్చుని తన మోకాళ్లు చూసుకుంటున్నాడు. నెల్డాకి తన గొంతు తనకే వేరే గదిలోంచి వినబడుతున్నట్టుంది.

విట్కమ్ తన మైకు దగ్గరకి లాక్కున్నాడు. "అమ్మా, మీ నష్టానికి మాటలు లేవు. సరిగ్గా ఇలాంటి కుటుంబాల కోసమే ఈ చట్టం..."

"మీరాగండి," అంది నెల్డా, కోపం లేకుండానే. "మీ మనిషి మా ఇంటికి రెండుసార్లొచ్చాడు. రెండోసారి కొరీ ఫొటో ఒకటుంటే ఇమ్మన్నాడు, మంచిది, నవ్వుతున్నది. మీరు పట్టుకొచ్చిందీ సీసానే."

ఆయన వెనక్కి వాలాడు. సహాయకుడు కాగితాలు సర్దుకోసాగాడు. ఎర్ర చీటీల వైపు నుంచి ఒక చప్పట్ల చప్పుడు మొదలై, తమ వాటా కూడా ఇప్పుడే ముట్టిందని గుర్తొచ్చి ఆగిపోయింది.

"శనివారం విందు వద్దు," అంది ఆమె. "లవోన్, ఇందులో వేసినవాళ్లకి ఎవరిది వాళ్లకి ఇచ్చెయ్యి. బిల్లు సంగతి మేం చూసుకుంటాం. మీరు మంచికే చేశారు. నేను కాదనట్లేదు. వాడు వద్దన్నాడు, అంతే."

ఆ మాట పూర్తి చేసి అప్పుడు వెర్లిన్ వైపు తిరిగింది. ఈ కబురు ఆయన్ని నలుగురిలో పడగొడుతుందని ఆమెకి తెలుసు. కారులో అంతసేపు కూర్చున్నది కూడా అందుకే. ఇన్నేళ్లు ఎవరి కష్టానికైనా నడుం కట్టిన మనిషికి, నీ మంచితనానికి జడిసే నీ కొడుకు చచ్చిపోయాడని ఊరందరి ముందూ చెప్పడం పెళ్లాం చెయ్యాల్సిన పని కాదు. అయినా చేసింది. చేసి, ఆ మొహం పాలిపోవడం చూడాల్సి వస్తుందని సిద్ధపడి చూసింది.

ఆ మొహం పాలిపోలేదు. ఆశ్చర్యం కూడా లేదు అందులో. అప్పటికే ఎన్నోసార్లు విన్న మాట ఇంకోసారి వింటున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

వెర్లిన్ లేచి, టోపీ చేత్తో పట్టుకుని మైకు దగ్గరికొచ్చాడు. "ఆ సీసా ఇలా ఇవ్వు నెల్డా. బరువు."

ఆమె ఇవ్వలేదు. "నీకు తెలుసు," అంది.

ఆయన ఆమెని చూడలేదు, ఫొటోని చూశాడు. మెల్లగానే మాట్లాడాడు గానీ మైకు పక్కనే ఉండటంతో ప్రతి మాటా గోడల దాకా వెళ్లింది. "వాడు పోయే ముందు శుక్రవారం షాపు మూసే వేళకి వచ్చాడు. కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. 'నాన్నా, నేను డాక్టరు దగ్గరికెళ్తాను, కానీ విందు పెట్టనని నాకు మాటివ్వు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను."

సీసా అంచు నెల్డా పక్కటెముకల్లో గుచ్చుకుంది. మోచెయ్యి నుంచి భుజం దాకా లాగేస్తోంది. ఇది నొప్పి అని ఆమె గుర్తుపట్టింది. జూన్ తర్వాత ఆమె ఒంట్లో ఏదైనా నొప్పి పెట్టడం ఇదే మొదలు.

"వేళాకోళమాడుతున్నాడనుకున్నాను," అన్నాడు వెర్లిన్. "ఏ ఫొటో వెయ్యమంటావురా అన్నాను. వాడూ నవ్వాడు. నవ్వి, ఇంకో మాట అడిగాడు. దానికి నేను జవాబు చెప్పాను. అది విని వెళ్లిపోయాడు." ఆయన టోపీ అంచు వేళ్లతో తిప్పాడు. "పద, ఇంటికి పోదాం. అది ఇంట్లో చెప్తాను."

వెనక వరసలో షేలా లేచి నిలబడింది.

నెల్డా సీసాని నేల మీద, తమ ఇద్దరి మధ్య, ఫొటో ఆయన వైపు ఉండేలా దించింది. ఖాళీ అయిన చేత్తో మైకు కడ్డీ పట్టుకుని మొగుడి వైపు తిప్పింది.

"ఇక్కడే చెప్పు," అంది. "నా టైము ఇంకా ఉంది."

ఉందో లేదో చూడటానికి అందరూ యూనిస్ టీచరమ్మ వైపు తిరిగారు. ముల్లు అప్పటికే చివరికొచ్చేసింది. జన్మలో ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వెయ్యని ఆ మనిషి, వెర్లిన్ కళ్లలోకి సూటిగా చూస్తూ, టైమరుని మళ్లీ మొదటికి తిప్పింది.